చెవులమాస్టారి ఎడమ చెయ్యి

హాజరుపట్టీలో ఆయనకి ఒక పేరుంది. అది ఆ పట్టీ దాటి బయటికి రాగా ఎవరూ చూడలేదు. కళ్లజోళ్ల షాపులో పనిచేసేవాళ్లకీ, వచ్చిపోయేవాళ్లకీ ఆయన చెవులమాస్టారు. పవరు చూసేవాళ్లు వేరే, ఫ్రేములు అమ్మేవాళ్లు వేరే. అంతా అయ్యాక, కొత్త కళ్లజోడు పెట్టుకున్న మనిషి "జారుతోందండీ" అనో "నొక్కుతోందండీ" అనో మొహం చిట్లిస్తే అప్పుడు మాస్టారి వంతు వస్తుంది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంటాడు. కళ్లజోడు తీసి, కాడల్ని వేడి ఇసుక గిన్నెలో అరనిమిషం గుచ్చి, బొటనవేలితో ఒక్క వంపు వంచి మళ్లీ పెడతాడు. రెండు చెవుల వెనకా వేలితో తడిమి చూస్తాడు. ప్రతి మనిషికీ ఒక చెవి రెండోదానికంటే రవ్వంత పైనుంటుందనీ, దేవుడు కూడా ఇంటికెళ్లే వేళకి హడావుడిగానే పని ముగించి ఉంటాడనీ ఆయన సిద్ధాంతం.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఊళ్లో సగం చెవులు ఆయన వేళ్లకి తెలుసు. ఆయన మోచేతులు మాత్రం ఊళ్లో ఒక్కరికీ తెలియవు. ఎంత ఉక్కపోతగా ఉన్నా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ. ఎవరైనా అడిగితే "అలవాటండీ" అనేవాడు.

అలవాటు రెండో తరగతిలో మొదలైంది. పక్కన కూర్చున్నవాడు ఆయన మోచేతి మడతలో ఎర్రటి మచ్చ చూసి, "ఒరేయ్, వీడికి గజ్జిరా!" అని క్లాసు దద్దరిల్లేలా అరిచాడు. బడి వదిలేసరికి ఆ బెంచీ మీద ఈయనొక్కడే మిగిలాడు. ఆ అరిచినవాడు తర్వాత ఏమయ్యాడో తెలియదు గానీ, వాడి గొంతు మాత్రం మాస్టారి చెవిలోనే కాపురం పెట్టేసింది.

మచ్చ ఓ ఏడు తగ్గేది, ఓ ఏడు పెరిగేది. చర్మం ఎండి, పొట్టు లేచి, గోకితే నీరు కారేది. దురద హద్దు మీరినప్పుడల్లా ఆయన ఒక ముద్దాయిని వెతికేవాడు. పెళ్లయిన కొత్తలో దొరికిన ముద్దాయి, భార్య బట్టలకి వాడే సబ్బు.

"నీ సబ్బు నాకు పడటం లేదోయ్. ఒళ్లు చిరచిరలాడుతోంది."

ఆవిడ సబ్బు మార్చింది. ఆర్నెల్లకి మళ్లీ మార్చింది. ఆ తర్వాత ఆయన చొక్కాలు విడిగా నానబెట్టి మూడుసార్లు జాడించడం మొదలుపెట్టింది. ఆ మూడో జాడింపు చూసినప్పుడల్లా ఆయనకి లోపల ముల్లు గుచ్చినట్టుండేది. అయినా నోరు విప్పలేదు. ఒకసారి నేరం మోపాక కేసు వెనక్కి తీసుకోవాలంటే అసలు దొంగని చూపించాలి కదా.

అసలు దొంగ షాపులోనే ఉన్నాడు, నీలం మూత సీసాలో. కళ్లజోళ్లు తుడిచే స్పిరిట్. తుడవనిదేదీ కొనేవాడి కంటపడకూడదని అక్కడొక నియమం. అద్దమైనా, ఫ్రేమైనా, చివరికి మొహం చూసుకునే చేతి అద్దమైనా తళతళలాడాకే బల్ల మీదికి రావాలి. మాస్టారికి ఆ నియమం చేతుల్లోంచి ఒంట్లోకి ఇంకిపోయింది. తన చర్మం మీద ఏదో మురికి, ఏవో క్రిములు ఉన్నాయనీ, అవి జనం చెవులకి అంటుకుంటాయనీ ఆయన భయం. అందుకని రోజుకి మూడుసార్లు, షాపు వెనక గదిలో తలుపు వేసుకుని, స్పిరిట్ తడిపిన గుడ్డతో రెండు మోచేతి మడతలూ తుడుచుకునేవాడు. భగ్గున మండేది. మండితే పనిచేస్తున్నట్టే అనుకునేవాడు. పుండు మీద కారం చల్లుకుని, ఆహా ఎంత శుభ్రం అనుకునే రకం.

చర్మం డాక్టరమ్మ కళ్లజోడు బాగుచేయించుకోవడానికి షాపుకి రాకపోతే అలాగే గడిచిపోయేది. ముప్పై ఏళ్లుంటాయేమో, చిన్నపిల్ల. కుడి చెవి దగ్గర కాడ నొక్కుతోందంది. మాస్టారు రెండు చేతులూ చాపి చెవి వెనక తడుముతుంటే, కుడిచేతి గుండీ ఊడి చొక్కా మోచేతి దాకా పైకి జరిగింది. డాక్టర్ల కళ్లు కదా, ఎక్కడికి పోవాలో అక్కడికే పోయాయి.

"ఎన్నేళ్ల నుంచండీ ఇది?"

"ఏదండీ?" అన్నాడు మాస్టారు, చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఇది గజ్జి కాదు, భయపడకండి. ఎగ్జిమా అంటారు. ఎవరికీ అంటుకోదు. మా ఆసుపత్రిలో ముప్పైమందికి ఒక ఆయింట్‌మెంటు ఇచ్చి చూస్తున్నాం. మందు రాయకముందు చర్మం మీద ఏ బ్యాక్టీరియా ఉన్నాయి, రెండు వారాలు రాశాక ఏవి ఉన్నాయి, అంతే లెక్క. మీరొస్తే ముప్పయ్యో మనిషి దొరికినట్టే."

ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ వినలేదు. "కుడి చేతికొక్కదానికేనండీ," అన్నాడు, ఎవరూ అడగకుండానే. ఎడమది ఇంకా అధ్వాన్నంగా ఉంది. కానీ ఉన్నదంతా ఒక్కసారే ఒప్పుకునే మనిషి ఆయన ఎప్పుడూ కాదు.

మొదటి శాంపిల్‌కి రమ్మన్న రోజు ఆయన మధ్యాహ్నం షాపు నుంచే వెళ్లాడు. శాంపిల్ తీసేది సిస్టరమ్మ. ఇరవై రెండేళ్ల సర్వీసు, పొట్టిగా, గట్టిగా, ఇనప్పెట్టెలా ఉంటుంది. మాట కూడా ఆ పెట్టె తలుపు వేసినట్టే ఉంటుంది.

"పొద్దున్నుంచి చేతికి సబ్బుగానీ మందుగానీ ఏమన్నా తగిలిందా?"

"లేదండి."

"మంచిది. ఆ బెంచీ మీద కూర్చోండి. పిలుస్తా."

బెంచీ మీద పది నిమిషాలు కూర్చున్నాడు. ఆ పది నిమిషాల్లో ఆయనకో ఆలోచన వచ్చింది. కాసేపట్లో ఆ మహాతల్లి దూదిపుల్లతో తన మురికంతా తీస్తుంది. గాజుపళ్లెంలో పెంచుతుంది. నలుగురు డాక్టర్లు చుట్టూ చేరి, 'అమ్మో, చెవులమాస్టారి ఒంటి మీద ఇంతుందా' అనుకుంటారు. తుడవనిది బల్ల మీద పెట్టడమా! కాళ్లు వాటంతటవే లేచాయి. షాపున్న రోజు జేబులో స్పిరిట్ గుడ్డ మడత ఎప్పుడూ ఉండేదే. చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లి, కుడి మోచేతి మడతని కళ్లజోడు అద్దం తుడిచినట్టు గుండ్రంగా, ఓపిగ్గా, మూలమూలలా తుడిచి, ఆరనిచ్చి, చొక్కా దించుకుని వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

సిస్టరమ్మ పుల్ల రుద్దింది. గొట్టంలో పెట్టి చీటీ అంటించింది. ఆయింట్‌మెంటు ట్యూబు తూచి చేతికిచ్చింది.

"రోజుకి రెండుసార్లు, వేలి కొసమీద ఇంత. కుడి చేతికే. ట్యూబు తిరిగి తెచ్చాక మళ్లీ తూస్తా. ఇంట్లో అందరూ పంచుకున్నారో, నాకు తెలిసిపోతుంది."

అలా తన అబద్ధమే ఆయన ఎడమ చేతికి సంకెలైంది. కుడిదానికి మందు, ఎడమదానికి చూపులు. నాలుగు రోజులకి కుడి చేతి ఎరుపు తగ్గింది. వారానికి పొట్టు రాలడం ఆగింది. మందు రాస్తున్న చోట సబ్బు, స్పిరిట్, ఇంకేదీ పెట్టొద్దని సిస్టరమ్మ గట్టిగా చెప్పింది గనక కుడి చేతిని తుడవలేదు. ఎడమదాన్ని మామూలుగానే తుడిచాడు, షాపున్న రోజుల్లో. పదో రోజుకి కుడి మోచేతి మడత నున్నగా తయారై, అది ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. ఫ్రేములు సర్దుతూ ఆయన ఈలవేస్తుంటే షాపు ఓనరు, "ఏంటి మాస్టారూ, ఈ మధ్య మీ చెవులకేమన్నా పాటలు వినపడుతున్నాయా?" అన్నాడు.

రెండో శాంపిల్ సెలవు రోజున ఇంటి నుంచే వెళ్లి ఇచ్చాడు. షాపు తియ్యకపోతే స్పిరిట్ ఎక్కడ దొరుకుతుంది! వారానికి ఫలితం చెబుతామని మళ్లీ ఓ సెలవు రోజునే రమ్మన్నారు. ఈసారి భార్య తోడొచ్చింది. "నయమైంది కదా, ఆ డాక్టరమ్మకి ఓ దణ్ణం పెట్టొస్తా," అంది.

డాక్టరమ్మ బల్ల మీద రెండు గాజుపళ్లేలు, రెండు కాగితాలు ఉన్నాయి. సిస్టరమ్మ గోడవారగా నిలబడి ఉంది. ఆవిడ మొహం చూడగానే గదిలో ఏదో ఉడుకుతోందని తెలుస్తోంది.

"మీ చెయ్యి చూస్తే చాలా బాగుంది," అంది డాక్టరమ్మ. "కాగితం చూస్తేనే తల తిరుగుతోంది. మందు రాయకముందు, అంత పగిలి నీరు కారే చర్మం మీద, ఏమీ మొలవలేదు. ఇదిగో, పళ్లెం ఖాళీ. అలా ఉండదండీ. ఇరవై తొమ్మిది మందిలో ఒక్కరికీ లేదు." సిస్టరమ్మ వైపు తిరిగింది. "పుల్ల అసలు చర్మానికి తగిలిందా?"

"తగలకుండా ఎందుకుంటుందమ్మా? ఇరవై రెండేళ్లుగా తీస్తున్నా."

"ఇరవై రెండేళ్లని పళ్లెంలో వేసి పెంచలేం కదా సిస్టర్. అంతకుముందు ఏదన్నా రాశారేమో అడిగారా?"

"అడిగా. ఏమీ లేదన్నారు."

డాక్టరమ్మ మాస్టారి వైపు చూసింది. "ఏమండీ? ఆ రోజు ఏమన్నా రాశారా, తుడిచారా?"

ఇక్కడ మన మాస్టారు ఏం చేశాడో చెప్పాలంటే నాకే కాస్త మొహమాటంగా ఉంది. 'తుడిచాను' అంటే నాలుగక్షరాలు. గొంతు దాకా వచ్చాయి. వెంటనే ఆ రెండో తరగతి గొంతు వినపడింది. పక్కన భార్య కూర్చుని ఉంది. ఎందుకు తుడిచావంటారు, ఎన్నాళ్ల నుంచి అంటారు, అక్కణ్ణించి సబ్బు దాకా తవ్వుతారు.

"లేదండి," అన్నాడు.

"మా ఆయనకి అబద్ధమాడటం రాదండీ," అంది భార్య, పక్కనుంచి వత్తాసుగా. "మహా శుభ్రమైన మనిషి."

ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది మాస్టారికి. డాక్టరమ్మ నిట్టూర్చింది. తనకీ ఇబ్బందిగానే ఉన్నట్టుంది, కాగితాల వంక చూస్తూ చెప్పింది: "సరే సిస్టర్. రేపటి నుంచి శాంపిళ్లు కొత్తమ్మాయి తీస్తుంది. మీరు ట్యూబులు తూచండి, చాలు."

సిస్టరమ్మ తలుపు తీసుకుని బయటికెళ్లిపోయింది. తలుపు చప్పుడు కూడా కాలేదు. ఆవిడ తలుపు నెమ్మదిగా వేసింది అంటే ఎంత దెబ్బ తగిలిందో చూడండి.

"పదండి," అంది భార్య. ఇద్దరూ వరండాలోకొచ్చారు. సిస్టరమ్మ నీళ్ల కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటోంది. కడిగిన చేతుల్నే మళ్లీ కడుగుతోంది.

"ఏమనుకోకండి సిస్టరమ్మా," అంది మాస్టారి భార్య, ఊరుకోలేక.

"అనుకోడానికేముందమ్మా? చేతిలో పట్టు తప్పిందేమో. వయసు కదా." ఆవిడ తన వేళ్ల వైపు చూసుకుంది. "నిజంగానే ఆ రోజు తేలిగ్గా రుద్దానేమో మరి. పాపం మనిషికి నొప్పెడుతుందని."

ఆ మాటకి మాస్టారు ఆగిపోయాడు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తన చేతినే అనుమానిస్తోంది. చేతిపనితో బతికేవాడికి అదెలాంటి జబ్బో ఆయనకి తెలుసు. ఒక్క కాడ విరిగిన వారమంతా తన బొటనవేలిని తనే నమ్మలేకపోయిన రోజులున్నాయి. ఇంట్లో నేరం సబ్బు మీద వేశాడు, సబ్బుకి నోరు లేదు. ఈవిడకి నోరుండీ తన మీదే వేసుకుంటోంది.

ఆయన గిర్రున వెనక్కి తిరిగి డాక్టరమ్మ గదిలోకి నడిచాడు. తలుపు కొట్టడం కూడా మర్చిపోయాడు. భార్య వెనకాలే వచ్చింది, ఏదో మర్చిపోయాడనుకుని. తలుపు తెరిచే ఉండిపోవడంతో కుళాయి దగ్గరున్న సిస్టరమ్మకీ అంతా వినపడింది.

"తుడిచానండీ," అన్నాడు.

"ఏంటి?"

"స్పిరిట్‌తో. ఇక్కడే, చేతులు కడుక్కునే గదిలో. శాంపిల్ తీసే ముందు. మీకు మురిగ్గా చూపించడం ఇష్టంలేక." గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తున్నాడు, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని. "ఇందాక కూడా అబద్ధమే చెప్పాను. రోజూ తుడుస్తాను. మూడుసార్లు. పాతికేళ్ల పైనుంచి. అందుకే పగులుతోందేమో కూడా. సబ్బు వల్ల కాదు." ఆ చివరి ముక్క ఎవరికి చెబుతున్నాడో ఆవిడ వైపు మాత్రం చూడలేకపోయాడు.

డాక్టరమ్మ కాగితాలు పక్కకి జరిపింది. "శాంపిల్ తీసే ముందు ఒళ్లు కడుక్కొచ్చేవాళ్లని చూశాను గానీ, కళ్లజోడు అద్దంలా తుడిచి మరీ తెచ్చిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నా. ఇప్పుడేం చేయాలి? ఆ మొదటి చర్మం పోయింది. నయమైపోయింది. వెనక్కి తెమ్మంటే తేగలరా? మీ పేరు కొట్టేసి, ముప్పయ్యోది చెడిపోయిందని రాయాలి. సిస్టర్ వల్ల కాదని రాస్తాను, అది వేరే సంగతి."

"చెడిపోయిందని సిస్టరమ్మ పట్టీలో ఉంటుందా?"

"ఉంటుంది మరి."

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ మణికట్టు గుండీ మీద చెయ్యి వేశాడు. ఆ గుండీ తియ్యడానికి ఆయనకి పట్టినంతసేపు బహుశా ఏ గుండీకీ పట్టి ఉండదు. చొక్కా చెయ్యి ఒక్కో మడత పైకి మడిచాడు. మోచేతి లోపలివైపు అరచేయంత మేర ఎర్రగా, బీటలు వారి, అంచుల్లో పొట్టు లేచి ఉంది.

"దీనికి మందు రాయలేదండీ. నిన్న షాపు కట్టేసినప్పటి నుంచి తుడవనూ లేదు. ఇవాళ షాపు సెలవు," అన్నాడు నేల చూస్తూ. "ఇది కూడా ఉందని అప్పుడు చెప్పలేదు."

భార్య ఏమంటుందోనని ఆయన భుజాలు బిగుసుకుపోయాయి.

"దానికేనా అంత చెమటలు?" అంది ఆవిడ. "ఎడమ చేతికుందని నాకు తెలియదనుకున్నారా? ఆ చొక్కా చేతుల్లో నెత్తుటి మరకలు ఉతుకుతున్నది ఎవరనుకున్నారు? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందట."

"మరి... ఎప్పుడూ అనలేదేం?"

"మీరు సబ్బన్నారు. సరే, సబ్బే అనుకుందాం అనుకున్నా." తర్వాత మెల్లగా అంది: "మూడుసార్లు జాడించడానికి నా నడుం పోయింది, అదొక్కటే." అందరూ నవ్వుతారేమోనని మాస్టారు చూశాడు. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వులాటకి అనలేదు.

సిస్టరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులు తుడుచుకుంటూ ఆ చెయ్యి వైపు చూసింది, ఆ మనిషి వైపు చూసింది. డాక్టరమ్మ తలూపింది. "తీయండి సిస్టర్. మీరే తీయండి. ఇందాక తొందరపడ్డాను." ముప్పయ్యో పేరు కింద 'రెండు చేతులు: ఎడమది మందుకి ముందు, కుడిది మందు తర్వాత' అని కాగితం మీద రాసుకుంది.

సిస్టరమ్మ కొత్త దూదిపుల్ల విప్పి, స్టూలు లాక్కుని మాస్టారి ఎదురుగా కూర్చుంది. "కదలకండి," అంది. "ఈసారి తేలిగ్గా రుద్దను." అన్నట్టే రుద్దింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికే అయ్యుండాలి. ఆ గదిలో అందరూ నొప్పికే అనుకున్నారు, అదొక మేలు.

గొట్టానికి చీటీ అంటించాక కొత్త ట్యూబు తూచి చేతికిచ్చింది. "ఎడమదానికి. ఇంకో చెయ్యి, కాలు, మెడ ఏమన్నా దాచి ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. నాకు ట్యూబులు తూచే ఓపిక లేదు."

"లేవండి."

"ఒట్టా?"

"ఒట్టండి."

వారం తిరిగాక నలుగురూ ఆ బల్ల చుట్టూ చేరారు. డాక్టరమ్మ రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టింది. ఎడమ చేతిది పళ్లెం నిండా ఒకే రంగు, పసుపు చుక్కలు చుక్కలుగా, సందు లేకుండా. కుడి చేతిది, మందు రాశాక తీసింది, అక్కడొకటి ఇక్కడొకటి, తెల్లవి, బూడిదరంగువి, చిన్నవి, పెద్దవి.

మాస్టారికి మొహం మాడిపోయింది. "మందు రాశాక ఇన్ని రకాలా?"

"అదే మంచిదండీ," అంది డాక్టరమ్మ. "చర్మం మీద క్రిములు లేకుండా ఎవరికీ ఉండదు. నాకూ ఉన్నాయి, సిస్టర్‌కీ ఉన్నాయి. రకరకాలవి సర్దుకుని ఉంటే ఎవరి జోలికీ ఎవరూ రారు. చర్మం పగిలితే ఈ పసుపుదొకటి చొరబడి మిగతావాటిని తరిమేస్తుంది. వీధిలో ఒక్క రౌడీ ఉంటే మిగతా ఇళ్లు ఖాళీ చేసినట్టు. ఈ మందు వాణ్ని చంపేది కూడా కాదు. మంట తగ్గిస్తుంది, చర్మం గోడ కట్టుకుంటుంది, వాడికి చోటు దొరకదు, పాతవాళ్లు తిరిగొస్తారు. చాలామందికి ఇలాగే వస్తోంది. మీరేమో రోజూ స్పిరిట్‌తో ఆ గోడనే కూలగొట్టారు."

"రౌడీకి తలుపు నేనే తీశానన్నమాట," అన్నాడు మాస్టారు.

"తలుపు తీసి, దారి కూడా తుడిచి పెట్టారు," అంది సిస్టరమ్మ. ఈసారి ఆవిడ మూతి చివర ఏదో కదిలింది. అది నవ్వేనని మాస్టారు తేల్చుకునేలోపు ఆవిడ ఆయన తెచ్చిన ట్యూబు మూత తీసి, ఎడమ మోచేతి మడత మీద మందు రాసేసింది. "ఇంకేదాకా చొక్కా దించకండి. గుడ్డకి పూసుకోడానికి కాదు ఇది."

అలా ఆయన ఎడమ చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి ఉండగా, పగటిపూట, ఆసుపత్రి గేటు దాటి వీధిలోకి వచ్చాడు. ఎప్పుడూ భార్యకి ఎడమ పక్కన నడిచేవాడు, ఆ వేళ కుడి పక్కకి మారాడు. ఆ చెయ్యి ఆవిడ వైపుండేలా, వచ్చేపోయేవాళ్లకి కనపడకుండా. ఆవిడ గమనించింది, అయినా అలాగే ఆయన పక్కనే నడిచింది. మలుపు దగ్గర రోడ్డు దాటాలి. ఆవిడ ఆగి, తన చేతి సంచీ ఆయనకి ఇచ్చింది.

"కాస్త పట్టుకోండి. నా చెయ్యి లాగేస్తోంది."

సంచీ బరువుగా ఉంది. ఆవిడ అటునుంచే అందించింది గనక ఎడమ చేత్తోనే పట్టుకోవలసి వచ్చింది, అందరికీ కనపడేలా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎదురుగా వస్తున్న ఒకావిడ ఆ చేతి వైపు చూసి, చూపు తిప్పుకుని, తన పని మీద తను వెళ్లిపోయింది. ఆయన సంచీ మార్చుకోలేదు.